షెఫీల్డ్‌లో పాట రాస్తుంటే చూశాను

మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్ వెళ్ళే రైలు కొండల నడుమ నుంచి పోతుంది. కిటికీలోంచి చూస్తే గొర్రెలు, రాతిగోడలు, మళ్ళీ గొర్రెలు, మళ్ళీ రాతిగోడలు. మన దగ్గర పొలానికీ పొలానికీ మధ్య గట్టు ఉంటుంది. అక్కడ సున్నమూ సిమెంటూ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ ఉంటుంది. చూస్తూండగానే రైలు టోట్లీ సొరంగంలోకి దూరింది. 1893లో తెరిచిన ఆ సొరంగం పొడవు ఐదున్నర కిలోమీటర్ల పైమాటే. చీకటి ఇప్పుడు పోతుంది, ఇప్పుడు పోతుంది అనుకుంటూ కూర్చున్నాను. పోయిన కాసేపటికే షెఫీల్డ్ వచ్చింది.

స్టేషను దాటి బయటికి రాగానే ఎదురుగా పొడవాటి స్టీలు గోడ. దాని మీదుగా నీళ్ళు పల్చగా జారుతున్నాయి. తుప్పు పట్టని ఉక్కును 1913లో హ్యారీ బ్రియర్లీ తయారుచేసింది ఈ ఊళ్ళోనే. మన వంటింటి గ్లాసులూ కంచాలూ డబ్బాలూ అన్నీ ఆ లోహమే కదా అని ఆ గోడని కాసేపు చేత్తో తాకి చూశాను. షెఫీల్డ్ ఏడు కొండల మీద కట్టిన ఊరని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ మాట వినగానే తెలుగువాడికి తిరుమల గుర్తుకు రాకుండా ఉంటుందా! ఇక్కడ పాలకీ బ్రెడ్డుకీ కూడా కొండ ఎక్కి దిగాల్సిందే.

నేను వెళ్ళింది ఆల్గోరేవ్ చూడడానికి. ఆల్గారిదమ్‌లోని ముందు సగం, రేవ్ పార్టీలోని రేవ్ కలిపి పెట్టిన పేరు అది. కళాకారుడి ముందు ల్యాప్‌టాప్ ఉంటుంది. అందులో కోడ్ రాస్తూంటే అది అప్పటికప్పుడు సంగీతమై స్పీకర్లలోంచి వస్తుంది. జనం దానికి డాన్స్ చేస్తారు. రాస్తున్న ప్రతి అక్షరమూ పెద్ద తెర మీద అందరికీ కనిపిస్తూంటుంది. ఈ పేరుతో మొదటి కార్యక్రమం 2012లో లండన్‌లో జరిగింది. ఆ పేరు పెట్టినవాళ్ళలో ఒకరైన అలెక్స్ మెక్‌లీన్ షెఫీల్డ్‌లో ఉండి పనిచేసే మనిషి. ఈ రకం సంగీతానికి బాగా వాడే టైడల్‌సైకిల్స్ అనే భాష ఆయన తయారుచేసిందే. అందరూ దాన్ని ముద్దుగా టైడల్ అంటారు. ఇన్ని ఊళ్ళుండగా షెఫీల్డ్ ఎంచుకోవడానికి కారణం అదే.

అమీర్‌పేటలో జావా, పైథాన్ బోర్డులు చూస్తూ పెద్దయిన తరం మాది. మా ఇళ్ళల్లో కోడ్ అంటే కోచింగు, ఇంటర్వ్యూ, ఉద్యోగం, వీసా. అదే కోడ్ వింటూ జనం చేతులెత్తి గంతులేస్తారని తెలిశాక వెళ్ళి చూడకుండా ఎలా ఉండను?

కార్యక్రమం కెలమ్ ఐలండ్ అనే పేటలో. స్టేషను నుంచి నడిచి పోదామని బయల్దేరాను. ఫోనులో మ్యాపు రెండు వీధుల్ని పక్కపక్కనే చూపిస్తుంది. తీరా వెళ్తే ఒకటి కింద ఉంటుంది, రెండోది మేడంత ఎత్తున ఉంటుంది. మధ్యలో మెట్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. అలా వెతుకుతూ ఇంటికి ఫోను చేసి మాట్లాడుతూంటే, వెనక నుంచి "అన్నా, తెలుగా?" అని వినిపించింది. ఖమ్మం కుర్రాడు. అక్కడి యూనివర్సిటీలో డేటా సైన్స్ చదువుతున్నాడట.

"తమ్ముడూ, కెలమ్ ఐలండ్ ఎటు?" అన్నాను.

"కింద నది ఒడ్డుకు పోవాలన్నా. ఆడ ఏముంది?"

చెప్పాను. నమ్మలేనట్టు చూశాడు. "కోడ్ రాస్తే డాన్స్ చేస్తరా? నేను రోజంతా కోడే రాస్త గదన్నా. పద, నేను గూడ వస్త" అని నా సంచీ అందుకున్నాడు.

కెలమ్ ఐలండ్ ఒక చిన్న లంక. డాన్ నది నుంచి మరల కోసం 12వ శతాబ్దంలో ఒక పాయ తవ్వితే మధ్యలో మిగిలిన నేల అది. గోదావరి లంకల్ని నది కట్టింది, దీన్ని మనుషులు కట్టారు. వీధులకి రెండువైపులా ఎర్ర ఇటుక కర్మాగారాలు. ఒకప్పుడు ఈ గదులు అద్దెకి తీసుకుని ఒక్కొక్కరూ ఒక్కో పనిలో ఆరితేరి కత్తులూ కత్తెరలూ పనిముట్లూ చేసేవారు. వాళ్ళని లిటిల్ మెస్టర్స్ అనేవారు. ఆ రాత్రి నేను వినబోయే సంగీతకారుల్లో కొందరు తాము వాయించే భాషను తామే రాసుకున్నవాళ్ళు. పనిముట్టు దగ్గర నుంచీ తానే తయారుచేసుకోవడం ఈ వీధులకి కొత్త కాదు.

ముందు కడుపు సంగతి చూసుకున్నాం. ఒక చిన్న హోటల్లో చీజూ ఉల్లిపాయా పెట్టి కాల్చిన పై, దాని పక్కన బంగాళాదుంప చిప్స్, మెత్తగా ఉడికించి మెదిపిన పచ్చ బఠాణీ. తినబోతూంటే కుర్రాడు ఆపి, టేబుల్ మీదున్న నారింజ రంగు లేబుల్ సీసా నా వైపు జరిపాడు. హెండర్సన్స్ రెలిష్. 1885 నుంచి షెఫీల్డ్‌లోనే తయారవుతున్న నల్లటి పల్చటి సాస్. నాలుగు చుక్కలు వేసుకుని తింటే ఎక్కడో తిన్న పులుపు అనిపించింది. లేబుల్ తిప్పి చదివితే చింతపండు, లవంగం, వెల్లుల్లి నూనె, మిరప. మన చారు సరుకంతా ఆ సీసాలో ఉంది. చేప కలవదు కాబట్టి శాకాహారులు నిశ్చింతగా వేసుకోవచ్చు. ఇక్కడికొస్తే దాన్ని మాత్రం వదలకండి.

రాత్రి కార్యక్రమానికి ముందు, మధ్యాహ్నం పూట కొత్తవాళ్ళకి నేర్పే తరగతి ఉంది. పొడవాటి బల్ల చుట్టూ ల్యాప్‌టాప్‌లు. స్కూలు యూనిఫాంలో ఒక అమ్మాయి, ఇద్దరు లైబ్రేరియన్లు, స్టీలు మిల్లులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, మేమిద్దరం. నేర్పే అమ్మాయి మొదటి పంక్తి చెప్పింది. డీ1, డాలర్ గుర్తు, సౌండ్, ఆపైన కోట్ గుర్తుల మధ్య బీడీ, ఎస్ఎన్. బీడీ అంటే బేస్ డ్రమ్, ఎస్ఎన్ అంటే స్నేర్ డ్రమ్. కంట్రోలూ ఎంటరూ కలిపి నొక్కాను. ధుమ్, ఠప్. ధుమ్, ఠప్. నేను రాసిన రెండు మాటలు గదంతా మోగుతున్నాయి! ఖమ్మం కుర్రాడు కుర్చీలోంచి సగం లేచాడు.

"ఇంకో రెండు మాటలు చేర్చండి" అంది. చేర్చాను. దరువు పొడవు పెరగలేదు. అంతే కాలంలో నాలుగు దెబ్బలూ సర్దుకుని వేగం రెట్టింపైంది. టైడల్‌లో సైకిల్ అన్నది మొదటి ఆధారం. సైకిల్ నిడివి కదలదు, అందులో ఎన్ని మాటలు పెడితే అన్నీ సమంగా పంచుకుంటాయి. ఇది నాకు తెలిసిన లోకం! చిన్నప్పుడు విజయవాడలో మృదంగం మాస్టారు తాళం చేత్తో వేయిస్తూ, అదే ఆవర్తనంలో మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం పలికించేవారు. చేయి అదే నడకలో ఉండేది, నోరు పరుగెత్తేది. ఇక్కడ ఆ చేయి పని సైకిల్ చేస్తోంది, నోటి పని కోడ్ చేస్తోంది.

మిగతా గుర్తులు ఒక్కొక్కటే వచ్చాయి. టిల్డా గుర్తు పెడితే ఆ చోట మౌనం. మాట పక్కన నక్షత్రం గుర్తూ 2 అంకె పెడితే ఆ దెబ్బ అదే చోటులో రెండుసార్లు పడుతుంది. చదరపు బ్రాకెట్ల మధ్య ఎన్ని మాటలు రాసినా అవన్నీ ఒక్క మాట చోటులో ఇముడుతాయి. ముందు 'ఎవ్రీ 4 రెవ్' అని చేరిస్తే ప్రతి నాలుగో ఆవర్తనమూ తిరగబడి చివరి నుంచి మొదటికి మోగుతుంది. 'హష్' అంటే అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. స్కూలు అమ్మాయికి ఆ హష్ ఎంత నచ్చిందో, మళ్ళీ మళ్ళీ ఆపి మొదలుపెడుతూనే ఉంది.

నాకు నచ్చింది గుండ్రటి బ్రాకెట్. బీడీ పక్కన బ్రాకెట్లో 3,8 అని రాస్తే, ఎనిమిది చోట్లలో మూడు దెబ్బల్ని వీలైనంత సమంగా పంచి వాయిస్తుంది. అప్పుడు వచ్చే దూరాలు 3, 3, 2. క్యూబా సంగీతానికి వెన్నెముక లాంటి దరువు అది. మన నోటితో చెబితే తకిట తకిట తక. ఈ పంపకం వెనకున్న లెక్క యూక్లిడ్‌ది. రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం కనుక్కోవడానికి స్కూల్లో చేసిన లెక్కే. న్యూట్రాన్లు పుట్టించే ఒక పెద్ద యంత్రంలో విద్యుత్ సంకేతాలు ఎప్పుడెప్పుడు పంపాలో తేల్చడానికి బ్యోర్క్‌లుండ్ అనే ఇంజనీరు ఇలాంటి పంపకమే వాడారు. అది యూక్లిడ్ పద్ధతేననీ, లోకంలోని ఎన్నో సంప్రదాయ దరువులు దాంట్లోంచి వస్తాయనీ 2005లో గాడ్‌ఫ్రీడ్ తూసాఁ చూపించారు.

ఇక నేను ఆగలేదు. 2,5 అని రాశాను. 2, 3 దూరాలతో తక తకిట వచ్చింది. మన ఖండచాపు తాళం! 3,7 రాశాను. 2, 2, 3 వచ్చింది. మన మిశ్రచాపుకి తకిట ముందు రావాలి. "మొదలు మార్చొచ్చా?" అని అడిగితే, ఇంకో కామా పెట్టి ఎన్ని చోట్లు జరపాలో రాయమంది టీచరు. 3,7,4 అని రాసి ఎంటర్ నొక్కాను. తకిట తక తక. నా చేయి తనంతట తానే తొడ మీద పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు అదేమిటని అడిగారు. తాళం వేస్తూ నోటితో పలికి చూపించాను. కాసేపట్లో బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తకిట తక తక అంటూ చప్పట్లు కొడుతున్నారు. స్టీలు మిల్లు పెద్దాయన లయ ఒక్క వెంట్రుకవాసి కూడా తప్పలేదు. "మిల్లులో సుత్తి దెబ్బ ఏ మాత్రం తేడాగా పడినా కంటికంటే ముందు చెవికి తెలిసేది" అన్నాడాయన.

అప్పుడు టీచరు చెప్పిన సంగతి నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. మాటల్ని కోట్ గుర్తుల మధ్య పేర్చి దరువు రాసే ఈ పద్ధతికి మూలాల్లో ఒకటి లక్నోలో ఉంది. 1980లలో జిమ్ కిప్పెన్ అనే సంగీత పరిశోధకుడు లక్నో తబలా ఘరానాను అధ్యయనం చేస్తూ, బెర్నార్డ్ బెల్ అనే ఫ్రెంచి కంప్యూటర్ శాస్త్రవేత్తతో కలిసి బోల్ ప్రాసెసర్ అనే ప్రోగ్రాం తయారుచేశారు. తబలా దెబ్బల్ని నోటితో పలికే బోల్స్‌ని వ్యాకరణ సూత్రాలుగా రాసి, ఒక ఖాయిదాని ఎన్ని రకాలుగా పెంచవచ్చో కంప్యూటర్ చేత చెప్పించి, అది సరిగ్గా ఉందో లేదో వాద్యకారుల్నే అడిగేవారు. ఆ బోల్ ప్రాసెసర్ రాత పద్ధతి నుంచే టైడల్ తన పద్ధతి తీసుకుంది. యార్క్‌షైర్‌లో కూర్చుని నేను రాసింది నాకు అంత దగ్గరగా ఎందుకు అనిపించిందో అప్పుడు తెలిసింది. నోటితో పలికి, లెక్క కట్టి, పెంచి, తుంచి వాయించడం తబలాకీ మృదంగానికీ పుట్టుకతో వచ్చిన విద్య. దాన్నే ఇక్కడ అక్షరాల్లో టైప్ చేస్తున్నారు.

చీకటి పడ్డాక పక్క గదిలో కార్యక్రమం మొదలైంది. గోడంతా తెర. దాని మీద ఖాళీ పేజీ, మిణుకుమంటున్న కర్సర్. మొదట వచ్చినావిడ జనం వైపు చూసి నవ్వి, ఒక్క పంక్తి రాసింది. ఒక్క డ్రమ్. దాని కింద ఇంకో పంక్తి. లోహం మీద గీసినట్టున్న సన్నటి చప్పుడు. తర్వాత మొదటి పంక్తిలో ఒక అంకె చెరిపింది. 3 పోయి 5 అవుతోందని మేమంతా చూస్తూనే ఉన్నాం. దరువు మారకముందే మారబోతోందని తెలిసిపోయింది. ఎంటర్ పడేసరికి గది మొత్తం ఒక్క గంతు వేసింది.

నాకు విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలు గుర్తొచ్చాయి. మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనంలో ముగింపు కోర్వై మొదలుపెట్టగానే ముందు వరుసలో పెద్దలు వేళ్ళు లెక్కపెడుతూ, ముక్తాయింపు సమానికి వచ్చి పడే క్షణం కోసం ఒళ్ళంతా కళ్ళు చేసుకుని కూర్చుంటారు. లెక్క తెలిసినందువల్ల వాళ్ళ ఆనందం రెట్టింపవుతుంది. షెఫీల్డ్‌లో ఆ లెక్కని తెర మీద పెట్టి, తెలిసినవాడికీ తెలియనివాడికీ సమానంగా చూపించారు. సంగీతం ఎలా పుడుతోందో దాచకుండా చూపించడమే ఈ యాత్రలో నేను చూసిన అతి గొప్ప విషయం. 2004లో హాంబర్గ్‌లో కలుసుకున్న కొందరు కోడింగ్ సంగీతకారులు టాప్‌లాప్ అనే బృందంగా ఏర్పడి పెట్టుకున్న మొదటి నియమాల్లో ఇదొకటి. మీ తెర మాకు చూపించండి అన్నది వాళ్ళ మాట. అంతకు ముందు ల్యాప్‌టాప్ సంగీతమంటే మూత వెనక దాక్కున్న మొహం. లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలిసేది కాదు.

రెండో కళాకారుడు రాస్తూండగా ఒక బ్రాకెట్ మూయడం మిగిలిపోయింది. తెర కింద ఎర్రటి ఎర్రర్ సందేశం. నా పక్కనున్న ఖమ్మం కుర్రాడు "అయ్యో" అన్నాడు. జనం మాత్రం ఈల వేసి చప్పట్లు కొట్టారు. పాట ఆగలేదు. టైడల్‌లో కొత్త పంక్తిలో తప్పుంటే పాత పంక్తే నడుస్తూంటుంది. అతను ఆ బ్రాకెట్ వెతికి మూసేదాకా అందరూ వేళ్ళతో చూపిస్తూ సాయం చేశారు. "మా క్లాసులల్ల ఎర్రర్ వస్తే గింత ప్రేమ చూపియ్యరన్నా" అన్నాడు కుర్రాడు. మధ్యమధ్య ఆ కళాకారుడు రెండు అడ్డగీతలు పెట్టి, వాటి పక్కన జనానికి నాలుగు మాటలు రాసేవాడు. మంచినీళ్ళు తాగుతున్నారా అని ఒకసారి అడిగాడు. ఆ పంక్తి మోగదు, చదువుకోవడానికే.

మూడో ప్రదర్శనకి నియమం వేరు. ఖాళీ పేజీతో మొదలుపెట్టి 9 నిమిషాల్లో ముగించాలి. ఈ సంప్రదాయం మెక్సికో సిటీ నుంచి వచ్చింది. ఇంకో తెర మీద ఒకరు హైడ్రాలో బొమ్మలు రాస్తున్నారు. ఒలీవియా జాక్ తయారుచేసిన ఆ సాధనంలో కోడ్ రాస్తే రంగులు కదులుతాయి. ఈ కార్యక్రమాల్లో ప్రధాన కళాకారుడు, చిన్న కళాకారుడు అన్న తేడా ఉండకూడదన్నది వాళ్ళు కోరుకునే పద్ధతి. పోస్టరు మీద పేర్లన్నీ ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి.

విరామంలో స్టీలు మిల్లు పెద్దాయన మా పక్కన కూర్చుని ఊరి సంగీతం గురించి చెప్పాడు. 1970లలోనే క్యాబరే వోల్టేర్, హ్యూమన్ లీగ్ అనే బృందాలు ఇక్కడ యంత్రాలతో పాటలు కట్టాయి. 1989లో వార్ప్ రికార్డ్స్ అనే సంగీత సంస్థ ఈ ఊళ్ళోనే పుట్టింది. 1994లో బ్రిటన్ ప్రభుత్వం రేవ్‌లని అడ్డుకునే చట్టం తెస్తూ, పదేపదే వచ్చే దరువులున్నదని రేవ్ సంగీతాన్ని నిర్వచించింది. వార్ప్‌కి పాటలు చేసే ఆటెకర్ అనే బృందం ఆ చట్టానికి జవాబుగా ఫ్లటర్ అనే పాట చేసింది. అందులో ఏ రెండు బార్లలోనూ దరువు ఒకేలా రాదు. చట్టానికి సంగీతంతోనే జవాబు చెప్పిన తీరుకి నేను పొంగిపోయాను. కంప్యూటర్ చేత పాడించడం దానికీ ఎంతో ముందు నుంచీ ఉంది. 1957లో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు మ్యాక్స్ మాథ్యూస్ రాసిన మ్యూజిక్ 1 అనే ప్రోగ్రాంతో ఐబీఎం 704 యంత్రం 17 సెకన్ల పాట వాయించింది. ఆ యంత్రం దగ్గర రాసిన చాలాసేపటికి వినిపించేది. ఈ గదిలో రాసిన మరుక్షణం వినిపిస్తోంది.

మీరు వెళ్ళదలిస్తే కొన్ని మాటలు. ఆల్గోరేవ్‌లు చాలా దేశాల్లో, మన దేశంలోనూ జరుగుతున్నాయి. షెఫీల్డ్ వెళ్తే గట్టి బూట్లు వేసుకోండి, కొండలకి పనికొస్తాయి. మధ్యాహ్నం తరగతి ఉంటే తప్పకుండా వెళ్ళండి. రాత్రి చూసేదంతా దాంతోనే అర్థమవుతుంది. తెర బాగా కనిపించే చోట నిలబడండి.

బయల్దేరే ముందు ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఫెలిక్స్ రూస్, అలెక్స్ మెక్‌లీన్ 2022లో మొదలుపెట్టిన స్ట్రూడెల్ టైడల్‌కి బ్రౌజర్ రూపం. ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. పిల్లలుంటే సోనిక్ పై పెట్టండి. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఉండగా శామ్ ఆరన్ బడిపిల్లల కోసం చేసిన ఉచిత సాధనం అది. 'ప్లే 60' అంటే పియానో మధ్య సి స్వరం, 'స్లీప్ 1' అంటే ఒక దెబ్బంత ఆగు. అంతటితో మొదటి పాట సిద్ధం.

మృదంగమో డప్పో తబలానో నేర్చుకున్నవాళ్ళయితే మీరు అందరికంటే ముందే ఉన్నట్టు లెక్క. మీకు తెలిసిన నడకలు ఆ భాషలో రాసి చూడండి. చాపు తాళాల్ని ఆ గదిలో మోగించండి. తెర చూపించే ఆ సభలో మీరు రాసిన లెక్క ప్రతి ఒక్కరూ చదువుతారు, నచ్చితే తమ పంక్తిలో కలుపుకుంటారు. తకిట తక తక అని వాళ్ళతో చప్పట్లు కొట్టించిన నేను చెబుతున్నాను, వాళ్ళు దానికోసం ఎదురుచూస్తున్నారు.